నాలుగొందల పన్నెండు కిలోల కార్డు

నేను ఒక ఆట కార్డును. అరచేతిలో ఇమిడిపోతాను. గట్టిగా ఊదితే ఎగిరిపోతాను. అయినా నా బరువు నాలుగు వందల పన్నెండు కిలోలు. నవ్వాలనిపిస్తే నవ్వండి, చాలామంది నవ్వారు. అలా నవ్వినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత తమ చేతిలోని కార్డును నాకు అప్పగించి ఇంటిదారి పట్టారు.

నా మీద ఒక వస్తాదు బొమ్మ ఉంటుంది. పేరు పర్వత్ సింగ్. ఎర్ర లంగోటా, మెలితిప్పిన మీసాలు, నడుం మీద రెండు చేతులు. ఇలాంటి మనిషి ఈ భూమ్మీద ఎప్పుడూ లేడు. శివకాశిలో ఒక చిన్న అచ్చాపీసు యజమానికి కుస్తీ కార్డుల కట్ట ఒకటి వేద్దామని బుద్ధి పుట్టింది. అసలు వస్తాదుల ఫోటోలు వేస్తే వాళ్ల అనుమతి అడగాలి. అందుకని లేని వస్తాదులను పుట్టించమని ఒక బొమ్మలాయనకు పని ఒప్పజెప్పాడు. ఆయన వీధిలో కనబడిన మొహాలన్నీ వాడేసుకున్నాడు. అచ్చాపీసులో కాగితాలు కోసే మనిషి 'రష్యా ఎలుగు' అయ్యాడు. ఎదురుగా ఉన్న టైలరు 'పెషావర్ పులి' అయ్యాడు. టీకొట్టాయన మొహానికి మీసాలు పెట్టి, కింద కొండంత పొట్ట తగిలిస్తే నేనయ్యాను.

బొమ్మ కింద అయిదు వరసలు ఉంటాయి. ర్యాంకు, హైటు, వెయిట్, చెస్ట్, గెలిచిన ఫైట్లు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ర్యాంకులో నాది మా కట్టలో అట్టడుగు స్థానం. ఎత్తు అంతంతమాత్రం. గెలిచిన ఫైట్ల సంగతి అడగొద్దు. బరువు మాత్రం నూట నలభై రెండని బొమ్మలాయన రాసిచ్చాడు. అక్షరాలు కూర్చే మనిషికి అప్పటికే అన్నం వేళ దాటిపోయింది. చేతులు తొందరపడి, ఒకటీ నాలుగూ తారుమారై, నాలుగు వందల పన్నెండు అచ్చయింది. తప్పులు చూడాల్సినాయన కంపెనీ చిరునామా సరిగ్గా పడిందా లేదా అని మాత్రం రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టాడు. మనుషులు తమ పేరును చూసుకున్నంత శ్రద్ధగా ఇంకే పేరునూ చూడరు. దాని వల్ల నాకు నష్టమేమీ జరగలేదు.

మా కట్టను మద్రాసులో ఒక అంగట్లో గూడ్సు డ్రైవరు దేవసహాయం కొన్నాడు. డ్యూటీ దిగి ఇంటికి వస్తూ కొడుక్కి ఏదో ఒకటి తేవడం ఆయనకు అలవాటు. అలా నేను బిట్రగుంట చేరాను. నెల్లూరికి ఉత్తరాన ఉన్న రైల్వే ఊరు అది. ఊరంటే స్టేషను, బొగ్గు ఇంజన్ల షెడ్డు, వరసగా క్వార్టర్సు, రైల్వేవాళ్లు సాయంత్రాలు కూర్చునే ఇన్‌స్టిట్యూట్. నేను వెళ్లేసరికి బొగ్గు ఇంజన్ల రోజులు అయిపోవస్తున్నాయి. పెద్దవాళ్లు ఎక్కడ ఇద్దరు కలిసినా ట్రాన్స్‌ఫర్ల మాటే. పిలకాయలకు మాత్రం ఆ బెంగ లేదు. వాళ్లు మా మీద పడ్డారు.

దేవసహాయం కొడుకు ఇమ్మానుయేల్ నా మొదటి యజమాని. ఏడో తరగతి. ఏ పనికీ తొందరపడని పిల్లవాడు. కట్ట విప్పి ఒక్కో కార్డూ చదువుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగాడు. నాలుగొందల పన్నెండు. ఆ అంకెను వేలితో తడిమి చూశాడు. ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం పిల్లలకు పుట్టుకతో వస్తుంది. పెద్దయ్యాక కూడా చాలామందికి పోదు.

మా ఆట చెబుతాను. కష్టమేమీ కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఎవరి కార్డులు వాళ్ల చేతిలో దొంతిగా ఉంటాయి. ఎవరి పైకార్డు వాళ్లకే కనబడుతుంది. వంతు వచ్చినవాడు తన పైకార్డులో గట్టి అంకె ఏదో చూసుకుని ఆ వరస పేరు పైకి చెబుతాడు. అవతలివాడు తన కార్డులో అదే వరస చదవాలి. ఎవరిది ఎక్కువైతే రెండు కార్డులూ వాళ్లవే, తర్వాతి వంతు కూడా వాళ్లదే. ర్యాంకులో మాత్రం చిన్న అంకెది గెలుపు. కాలనీ పిలకాయలు ఎవరి సొంత కార్డులు వాళ్లు తెచ్చుకునేవాళ్లు. గెలిచిన కార్డు ఇంక గెలిచినవాడిదే. తిరిగి ఇవ్వడం అంటూ ఉండదు.

ఇప్పుడు నా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. నన్ను పట్టుకున్నవాడికి వంతు ఉంటే, 'వెయిట్' అన్న ఒక్క మాట చాలు, ఎదురుగా ఎవరున్నా చిత్తు. వంతు అవతలివాడికి పోతే, వాడు ర్యాంకు అన్నా హైటు అన్నా నా పని అయిపోయినట్టే. ముందు మాట్లాడే అవకాశం వస్తే నేను రాజును.

ఇమ్మానుయేల్ చేతిలో నేను రాజునే. ఇన్‌స్టిట్యూట్ వరండాలో, నునుపు గచ్చు మీద, వారం తిరక్కుండా కాలనీలో సగం మంది వస్తాదులను మట్టి కరిపించాను. అప్పుడు దయాకర్ వచ్చాడు. షెడ్డు ఫోర్‌మన్ కొడుకు. తెలివైనవాడు. వాదనలో ఎవరికీ లొంగేవాడు కాదు. స్టేషను దగ్గర అంగట్లో తను కొత్తగా కొనుక్కున్న కట్టలోంచి ఒక కార్డు తీసి నా పక్కన పెట్టాడు. అదే బొమ్మ, అవే మీసాలు, అదే పొట్ట. బరువు నూట నలభై రెండు. అచ్చాపీసువాళ్లు ఎప్పుడో తప్పు దిద్దుకుని మళ్లీ వేశారన్నమాట. నాకు ఒక తమ్ముడున్నాడని, వాడు బక్కవాడని ఆ రోజే తెలిసింది.

నాలుగొందల కిలోల మనిషి ఉంటే మంచం విరిగిపోదా అని దయాకర్ అడిగాడు. అందరూ తలలూపారు. నా పని అయిపోయిందనే అనుకున్నారు. ఇమ్మానుయేల్ నిదానంగా దయాకర్ కట్ట చేతిలోకి తీసుకుని తిరగేశాడు. అందులో పెషావర్ పులికి ఒకటో ర్యాంకు ఉంది. రష్యా ఎలుగుకు కూడా ఒకటో ర్యాంకే ఉంది. ఒకటో ర్యాంకు ఇద్దరికి ఎలా ఉంటుంది, ఇదీ తప్పే గదా, మరి దీన్ని కూడా పక్కన పెట్టేద్దామా అని అడిగాడు. పెషావర్ పులి దయాకర్‌కు ప్రాణం. కాసేపు ఆలోచించి అతనే తీర్పు చెప్పాడు.

"సరే. కార్డు మీద ఏముంటే అదే చట్టం."

ఆ తీర్పు కాలనీ అంతా పాకిపోయింది. సొంత కార్డు కాపాడుకోవడానికి ఒక మనిషి అన్న మాట చూస్తుండగానే చట్టమైపోయింది. నేను చూసినంతలో చట్టాలు పుట్టేది ఇలాగే.

ఇమ్మానుయేల్ ఇంటికీ పక్క క్వార్టరుకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. ఆ పక్కింట్లో, స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ రమణయ్య ఉండేవాడు. ఆయన కూతురు వకుళ. ఇమ్మానుయేల్ తరగతే. ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చాక ఇమ్మానుయేల్ రోజూ ఆ గోడ మీద వకుళతో ఇంకో ఆట ఆడేవాడు. నిజం చెప్పాలంటే అసలైన ఆట అదే. ఎందుకంటే అక్కడ ఇమ్మానుయేల్ ఎక్కువగా ఓడిపోయేవాడు. కార్డులు మాత్రం ఆట అవగానే మళ్లీ అతని కట్టలోకే చేరేవి. ఏ కార్డులో ఏ అంకె ఉందో వకుళకు నోటికి వచ్చు. కిందికి పోయిన కార్డు మళ్లీ ఎప్పుడు పైకి వస్తుందో కూడా ఆమెకు అంచనా ఉండేది.

కానీ ఆమె ఏదీ పైకి చెప్పేది కాదు. వేలితో వరసను చూపించేది. వకుళకు నత్తి. మాట గొంతులో తయారుగా ఉండేది, మొదటి అక్షరం దగ్గర ఇరుక్కునేది. ఎంత తోస్తే అంత బిగుసుకునేది. బళ్లో హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తి ఊరుకునేది. ఇంట్లో రమణయ్య కూతురు మీద ప్రేమతో ఆమె మొదలుపెట్టిన మాటను తనే పూర్తి చేసేవాడు. కూర కావాలని మొదలుపెడితే మజ్జిగ పోసేవాడు. ఆమె అదే తాగి లేచిపోయేది. ఇమ్మానుయేల్ మాత్రం ఎప్పుడూ ఆమె మాటకు అడ్డం వచ్చేవాడు కాదు. అతని గొప్పతనమేమీ లేదు, ముందే చెప్పాను గదా, అతనికి దేనికీ తొందర లేదు. ఆమె మాట బయటికి వచ్చేదాకా జామకాయ కొరుక్కుంటూ కూర్చునేవాడు.

ఎండాకాలం సెలవుల ముందు దేవసహాయానికి బెజవాడకు బదిలీ అయింది. సామాను లారీ ఎక్కుతుంటే ఇమ్మానుయేల్ గోడ దగ్గరికి వచ్చి మా కట్టంతా వకుళ ముందు పెట్టాడు. రబ్బరు బ్యాండు కింద అందరికన్నా పైన నేనే ఉన్నాను.

"గోడ మీద ఆడింది చాలు వకుళా. ఇన్‌స్టిట్యూట్ కాడికి పో," అన్నాడు.

"న... న... నన్ను ఆడనీరు," అంది వకుళ.

"అడిగినావా?"

ఆమె అడగలేదు. ఇమ్మానుయేల్ లారీ వెనకభాగంలో, మంచంకోళ్ల మధ్య కూర్చుని వెళ్లిపోయాడు. తర్వాత అతనేమయ్యాడో నాకు తెలీదు. కార్డులకు అలాంటి కబుర్లు అందవు.

సెలవులు మొదలైన వారానికి వకుళ కట్ట పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. ఆడపిల్ల ఆటకు వచ్చిందని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె చేతిలో నేనున్నానని మాత్రం అందరూ పట్టించుకున్నారు. నన్ను గెలుచుకోవాలని అందరికీ ఆశే. కూర్చోమన్నారు.

అక్కడ రెండు కట్టుబాట్లు ఉండేవి. వరస పేరు అందరికీ వినబడేలా చెప్పాలి. వేలితో చూపించి తర్వాత మాట మార్చిన ఘనుడొకడు ఉండబట్టి ఆ కట్టుబాటు వచ్చింది. ఇంకోటి, వంతు వచ్చాక అయిదు లెక్కపెట్టేలోపు చెప్పాలి. లేకపోతే వంతు అవతలివాడికి పోతుంది. చుట్టూ చేరినవాళ్లంతా గొంతు కలిపి లెక్కపెట్టేవాళ్లు.

వకుళకు మొదటి రోజు అయిదు చాలలేదు. కార్డులో గట్టి అంకె ఆమెకు కనబడుతూనే ఉంది. పెదవులు మాటకు తయారుగా ఉన్నాయి. నాలుగు అనేసరికి మెడ నరాలు బిగుసుకునేవి. అయిదు అనేసరికి కార్డు పోయేది. పెద్దగా ఎగతాళి కూడా చెయ్యలేదు వాళ్లు. లెక్కపెట్టి తీసుకున్నారు, అంతే. చేతిలో కార్డులు సగమయ్యాక ఆమె లేచి ఇంటికి వచ్చేసింది. వాళ్లమ్మ చెంచమ్మ అడిగితే తలనొప్పి అంది. ఆ మాట కూడా ముక్కలు ముక్కలుగానే వచ్చింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఈసారి ఒక ఉపాయం కనిపెట్టింది. నేను పైకి వచ్చినప్పుడు, ఇంగ్లీషు మాట ఇరుక్కుంటుందని తెలిసి, "బరువు" అంది. ఆ మాట నున్నగా జారి వచ్చింది. ఎదురుగా ఉన్న కార్డు నా కిందికి వచ్చి పడింది. ఆ తర్వాత చెస్ట్‌కు బదులు ఛాతీ అంది, హైటుకు బదులు ఎత్తు అంది. పోయినవాటిలో కొన్ని తిరిగి వచ్చాయి. ఆమె మొహం వెలిగిపోయింది. దయాకర్‌తో ఆడేటప్పుడు నేను మళ్లీ పైకి వచ్చాను. ఆమె బరువు అంది.

దయాకర్ కార్డు తిప్పలేదు. "కార్డు మీద వెయిట్ అనుండాది. బరువని లేదు," అన్నాడు. "కార్డు మీద ఏముంటే అదే చట్టం."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని అవునన్నారు. లెక్క మొదలుపెట్టారు. ఆమె 'వె' దగ్గర ఆగిపోయింది. అయిదు అయింది. దయాకర్ ర్యాంకు అన్నాడు. నేను అతని చేతిలోకి వెళ్లిపోయాను.

నా ఆత్మగౌరవం దెబ్బతిన్నదని అనుకోకండి. చేతులు మారడం నాకు అలవాటే. దయాకర్ నన్ను బాగానే చూసుకున్నాడు. అలమారాలో జామెట్రీ బాక్సులో పెట్టుకుని, పొద్దున లేస్తూనే తీసి చూసుకునేవాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అచ్చుతప్పని నా మీద ఒకప్పుడు తగువు పెట్టినవాడే, ఇప్పుడు దేశం మొత్తానికి ఇలాంటిది ఒక్కటే ఉందని చెప్పుకునేవాడు. వస్తువు తనదయ్యాక దాని లోపాలు మనిషికి అందంగా కనబడతాయి. కానీ అతని చేతిలో నాకు పని లేకపోయింది. పోతానేమోనని అతను నన్ను ఆటకు తీసేవాడు కాదు. పెట్టెలో మూలమట్టాల మధ్య పడుకుని ఎవరినీ ఓడించకుండా రోజులు గడపడం నాలాంటి వస్తాదుకు పెద్ద శిక్ష.

పదిహేను రోజుల తర్వాత వకుళ మళ్లీ వచ్చింది. మిగిలిన కార్డులన్నీ తెచ్చింది. దయాకర్‌తో ఆడతానని, పర్వత్ సింగ్‌ను కూడా దొంతిలో కలపాలని చెప్పింది. ఇది చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. దయాకర్ ఆమె తెచ్చిన దొంతి వైపు చూశాడు. ఒక్క ఆటతో అదంతా తనది కావచ్చు. నన్ను కలిపాడు.

ఆ రోజు ఆట చాలాసేపు సాగింది. ఆమె ఇరుక్కోని మాటలున్న కార్డు వచ్చినప్పుడు గెలిచేది. ఇరుక్కునే మాట వస్తే పోగొట్టుకునేది. మెల్లగా దయాకర్ దొంతి పెరిగింది, ఆమెది తరిగింది. ఆఖరికి ఆమె చేతిలో ఒక్క కార్డు మిగిలింది. చివరి కార్డు మిగిలినవాళ్లకు ఒకసారి వంతు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, అందుకని వంతు ఆమెది. అది పోతే ఇమ్మానుయేల్ ఇచ్చినదంతా పోయినట్టే.

ఆ క్షణంలో దయాకర్ దొంతి మీద పైకార్డును నేను. అతని కళ్లు నా మీదే ఉన్నాయి. మా ఇద్దరికీ ఒక సంగతి తెలుసు. వకుళ వెయిట్ తప్ప ఏ వరస చెప్పినా నేను ఓడిపోతాను. ఆమె చెప్పలేకపోతే వంతు అతనికి వస్తుంది, అతను వెయిట్ అంటాడు, ఆట అయిపోతుంది. నా బతుకులో మొదటిసారి నేను ఓడిపోవాలని కోరుకున్నాను.

ఆమె చేతిలో ఉన్నది రష్యా ఎలుగు. వాడి ఛాతీ కట్టలోకెల్లా పెద్దది. ఆమె "చె..." అని మొదలుపెట్టింది. వెంటనే చుట్టూ లెక్క మొదలైంది. ఒకటి. రెండు. ఆమె కళ్లు మూసుకుంది. మూడు. నాలుగు. మాట అక్కడే ఉంది, కదలడం లేదు. అయిదు.

దయాకర్ వెయిట్ అనడానికి నోరు తెరిచాడు. వకుళ ఒక చేత్తో తన కార్డును గచ్చుకేసి అదిమిపెట్టి, రెండో చెయ్యి అతని వైపు ఎత్తి ఆగమన్నట్టు పట్టుకుంది. ఆమె ఏదో చెప్పబోతోంది. ఆటలో మాట కాదు, వేరే ఏదో. "కా... కా..." దగ్గర ఆగింది. ఎవరో నవ్వబోయి మానేశాడు. స్టేషనులో ఒక గూడ్సు బండి కదిలి, దాని చప్పుడు దూరమై పోయేదాకా ఆ ఒక్క అక్షరమే. ఆమె తల వంచలేదు. ఎత్తిన చెయ్యి దించలేదు. ఏం చెబుతుందోనని అందరూ ముందుకు వంగారు.

"కార్డు మీద ఏముంటే... అదే చట్టం అన్నావు గదా," అంది ఆఖరికి. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకా ఆలస్యమైంది. "అయిదు లె... లెక్కపెట్టమని... యాడ రాసుండాది?"

దయాకర్ నన్ను చూశాడు. తిప్పి నా వీపు చూశాడు. అక్కడ కంపెనీ చిరునామా ఉంది, దాని కింద పిన్ కోడ్ ఉంది. అయిదు లెక్క ఎక్కడా లేదు. అతను తెలివైనవాడని చెప్పాను గదా. ఆమె ప్రశ్న అడిగేదాకా తామంతా ఎంతసేపు ఆగామో, అలా ఆగడం వల్ల ఎవరి కొంపా మునగలేదని కూడా అతనికి అర్థమైందనుకుంటాను. చాలాసేపు నన్ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"యాడా లేదు," అన్నాడు మెల్లగా. "సరే మే. చెప్పు."

ఆమె చెప్పింది. ఎంతసేపు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. మాట పూర్తిగా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, బయటికి వచ్చింది. దయాకర్ నన్ను గచ్చు మీద పెట్టి ముందుకు తోశాడు. నేను చిత్తుగా ఓడిపోయి వకుళ చేతిలోకి వెళ్లాను. అంత హాయిగా నేను ఎప్పుడూ గెలవలేదు.

ఆ ఆట ముగియలేదు. తర్వాత వంతులో నేను పైకి వచ్చాను, ఆమె ఇంగ్లీషు మాటే చెప్పింది, అందరూ ఆగారు. పోయిన కార్డులు ఒక్కొక్కటే తిరిగి వస్తుండగా వీధి దీపాలు వెలిగాయి, ఇళ్లల్లోంచి పిలుపులు వచ్చాయి. ఎవరి దొంతి వాళ్లు తీసుకుని లేచారు. మర్నాటి నుంచి ఇన్‌స్టిట్యూట్‌లో లెక్కపెట్టడం పోయింది. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకడు ఒకటీ రెండూ అని మొదలుపెడితే దయాకరే వాడి నోరు మూయించాడు.

ఆ తర్వాత కాలనీ ఖాళీ అవడం మొదలైంది. షెడ్డులో ఇంజన్లు చల్లారాయి. అరక్కోణం, గూడూరు, బెజవాడ అంటూ ఎవరి ఊరికి వాళ్లు పోయారు. వకుళ ఒక పద్ధతి పెట్టింది. వెళ్లిపోయే ప్రతి పిల్లవాడూ ఆమె కట్టలోంచి, నన్ను తప్పించి, తనకు నచ్చిన కార్డు ఒకటి తీసుకోవచ్చు. అలా రష్యా ఎలుగు పోయాడు, ఇంకా చాలామంది పోయారు. దయాకర్ వంతు వచ్చినప్పుడు స్టేషనుకు వెళ్లి, తాను అతని దగ్గర గెలుచుకున్న పెషావర్ పులిని అతని చేతిలో పెట్టింది. అతను పులిని జేబులో వేసుకుని, పర్వత్ సింగ్‌ను ఇస్తే తన కట్ట మొత్తం ఇస్తానన్నాడు. వకుళ తల అడ్డంగా ఊపింది. ఇవ్వదని తెలిసే అడిగానని అతను నవ్వాడు. బండి కదిలాక కిటికీలోంచి పులిని ఎత్తి చూపించాడు. ఒక కట్ట మొత్తానికి నన్నొక్కడినీ సమానం కట్టారంటే నాకు గర్వంగా ఉండదా మరి? ఉంది. ఇప్పటికీ ఉంది.

చివరికి రమణయ్యకు కావలికి బదిలీ అయ్యేసరికి వకుళ దగ్గర నేనొక్కడినే మిగిలాను. ఒక్క కార్డుతో ఆట లేదు. నేను ఆమె పర్సులో ఒక అరలోకి చేరాను. డిగ్రీకి వెళ్లినా, బి.ఇడికి వెళ్లినా అక్కడే ఉన్నాను. నత్తి పోలేదు. పోయిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టగలను గానీ అది నిజం కాదు.

కావలిలో ఒక ప్రైవేటు స్కూలుకు ఆమె లెక్కల టీచరు ఉద్యోగానికి వెళ్లినప్పుడు కరస్పాండెంటు ఆమె పేరు అడిగాడు. నత్తి ఉన్నవాళ్లకు సొంత పేరును మించిన గండం లేదు. దానికి బదులు ఇంకో మాట వాడే వీలుండదు. రమణయ్య కూతురికి తోడు వచ్చి పక్కనే కూర్చున్నాడు. అలవాటు చొప్పున ఆయన నోరు తెరవబోతే ఆమె చెయ్యి ఆయన మోకాలి మీద పడింది. పర్సు ఆమె ఒళ్లోనే ఉంది, నాకు అన్నీ వినబడుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. కరస్పాండెంటు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. ఆమె తన పేరు తానే చెప్పింది. ఆ తర్వాత బోర్డు మీద ఒక లెక్క చేసి చూపించమంటే, ఆయనకు తెలిసిన పద్ధతిలో ఒకసారి, తెలియని పద్ధతిలో ఒకసారి చేసింది.

ఉద్యోగం వచ్చింది గానీ ఏడాది తిరక్కుండా ఒక తండ్రి స్కూలుకు వచ్చి, టీచరే తడబడితే పిల్లలకేం వస్తుందని గొడవ పెట్టాడు. కరస్పాండెంటు ఆ తండ్రిని తరగతి వెనక బెంచీలో కూర్చోబెట్టాడు. వకుళ ఆయన్ని చూసింది, పాఠం ఆపలేదు. ఒక మాట దగ్గర గట్టిగానే ఇరుక్కుంది. పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు, మాట వచ్చాక రాసుకున్నారు. గంట కొట్టాక ఆ తండ్రి లేచి, సందేహం ఒకటి ఉందని, ఆ లెక్కలో మూడో మెట్టు ఎలా వచ్చిందని అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన ఇంకెప్పుడూ గొడవకు రాలేదు.

తర్వాత ఆమెకు పెళ్లయింది, లాస్య పుట్టింది. నేను పర్సు మారినప్పుడల్లా కొత్త పర్సులోకి మారాను. మూలలు అరిగాయి. పర్వత్ సింగ్ మీసాల్లో ఒకటి సగం వెలిసిపోయింది. పొట్ట మాత్రం అలాగే ఉంది. లాస్యకు ఆటంటే ఫోన్లో ఆటే. నన్ను ఒకసారి చూసి, ఈ అంకుల్ ఎవరని అడిగి, జవాబు వినకుండానే మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయింది. నేనేమీ నొచ్చుకోలేదు. నాకు కాలం కలిసివచ్చిన రోజులు నేను చూశాను.

మొన్న తుపాను వచ్చింది. మూడు రోజులు కరెంటు లేదు. ఫోన్లన్నీ చచ్చి పడున్నాయి. అపార్టుమెంటు పిల్లలు మెట్ల మీద కూర్చుని ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటున్నారు. వకుళ అటకమీది పాత పెళ్లి శుభలేఖలు కిందికి దించి, అట్టలు కత్తిరించి, వాళ్ల ముందు వేసింది. ఆట నేర్పింది. వస్తాదులు ఎవరూ తెలీదు కాబట్టి వాళ్లకు తెలిసిన మనుషుల బొమ్మలు వేసుకోమంది.

ఇక చూడండి. పాలు పోసే ఆదిలక్ష్మి అట్ట మీదికి వచ్చింది. వాచ్‌మన్ వచ్చాడు. ఎదురు ఫ్లాటు రిజ్వానా వాళ్ల నానమ్మ వచ్చింది. లాస్య ముందుగా వాళ్లమ్మ బొమ్మ వేసింది. వరసలు కూడా పిల్లలే పెట్టుకున్నారు. పరుగు, వంట, గొంతు, కోపం, నవ్వించడం. రిజ్వానా నానమ్మ కోపంలో వందకు వంద. గొంతులో ఆదిలక్ష్మిని మించినవాళ్లు లేరు. అంకెల గురించి మెట్ల మీద గంటసేపు కొట్టుకున్నారు. అసలు ఆట మొదలవకముందే ఇద్దరు ఏడ్చారు కూడా. మా అచ్చాపీసులో తప్పులు చూసే ఆయన ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే నేను ఇలా పుట్టేవాణ్ని కాదు.

పంచేటప్పుడు ఒక కార్డు తగ్గింది. వకుళ పర్సు తెరిచి నన్ను తీసింది. పిల్లలు చుట్టూ మూగారు. నా వెయిట్ చదివి లాస్య కళ్లు పెద్దవి చేసింది. కానీ వాళ్ల ఆటలో వెయిట్ లేదు. ఈయనకు వంట వచ్చా అని ఎవరో అడిగారు. మొహం చూస్తే టీ పెట్టేవాడిలా ఉన్నాడని రిజ్వానా అంది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల నిజం పట్టేసింది. లాస్య స్కెచ్ పెన్నుతో నా వీపు మీద, కంపెనీ చిరునామా మీదుగా రాసింది. వంట నలభై. పరుగు రెండు. కోపం అయిదు. గొంతు పది. నవ్వించడం ఎంతో తేల్చుకోలేక నన్ను ఇంకోసారి తిప్పి చూసి, డెబ్బై వేసింది.

రిజ్వానా వంతు. లాస్య దొంతి మీద పైన నేనున్నాను. "పరుగు," అంది రిజ్వానా. లాస్య నన్ను తిప్పి, రెండు అని చదివి, తనే పగలబడి నవ్వింది. మెట్ల మీద పిల్లలందరూ నవ్వారు. రిజ్వానా తింటున్న వేరుశనగ ఉండ పక్కన పెట్టి, బెల్లం అంటిన వేళ్లు గౌనుకు రెండువైపులా బాగా తుడుచుకుని, నన్ను అంచులు పట్టుకుని అందుకుంది. తన దొంతి అడుగున జాగ్రత్తగా పెట్టుకుంది. ఇంకా చాలా వంతులు ఉన్నాయి. నేను పైకి వస్తాను.